కెంపుని ఎర్రగా గీయొద్దు

(గ్రాఫిక్ డిజైన్ విద్యార్థుల వర్క్‌షాపులో చేసిన ప్రసంగం. మాటల తీరు మార్చకుండా రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి స్క్రీన్ కనిపిస్తోందా? ఆ ట్యూబ్‌లైట్ ఒకటి ఆపమ్మా కాస్త... వద్దులే, ఉండనీ. దాంతో తర్వాత పనుంది మనకి.

ఈ పూట మనం చేసేది ఒకే ఒక్క రాయి. కెంపు. నగల ఫొటో తీసి శుభ్రం చేయడం కాదు, త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి వండించడమూ కాదు. ఖాళీ కాన్వాస్ మీద, గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో, చేత్తో. గింప్ ఎందుకంటే డబ్బు పెట్టక్కర్లేదు, మీ పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. 1995లో అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అని ఇద్దరు కుర్రాళ్ళు, మీలాంటి విద్యార్థులే, మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఫొటోషాప్ ఉన్నవాళ్ళు ఫొటోషాప్‌లోనే చేసుకోండి. మెనూల్లో పేర్లు అటూ ఇటూ అవుతాయి గానీ పని అదే పని.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను.

నేను ఫ్లెక్సీలు డిజైన్ చేసే రోజుల్లో ఒక నగల కొట్టు వాళ్ళు అక్షయ తృతీయకి పెద్ద ఫ్లెక్సీ అడిగారు. మధ్యలో పెద్ద కెంపు ఉండాలన్నారు. ఒక పూట కూర్చుని వేశాను. ఎర్ర గుండ్రం. అంచుల్లో ముదురు, మధ్యలో లేత, అంటే రేడియల్ గ్రేడియంట్ అన్నమాట. పైన ఎడమ పక్క తెల్లటి కోలమచ్చ. నాలుగు మూలలా నాలుగు మెరుపు నక్షత్రాలు. నాకైతే బ్రహ్మాండంగా ఉందనిపించింది. యజమాని కళ్ళజోడు సర్దుకుని చూశాడు, చూశాడు... "ఏమయ్యా, నగల కొట్టుకి బొమ్మ వేయమంటే పిప్పరమెంటు బిళ్ళల కొట్టుకి వేశావేంటి?" అన్నాడు.

నవ్వండి, ఫర్వాలేదు. మీలో సగం మంది ఇంటికెళ్ళి అదే వేస్తారు.

కొట్టు వెనక గదిలో రాళ్ళు పొదిగే ఆచారిగారు ఒకాయన ఉండేవారు. నా మొహం చూసి జాలిపడి లోపలికి పిలిచారు. పట్టకారుతో ఒక కెంపు పట్టుకుని, కంటికి బిగించుకునే భూతద్దం నా చేతికిచ్చి, "ఏం రంగు కనిపిస్తోందో చెప్పు బాబూ" అన్నారు. "ఎరుపండీ" అన్నాను. "చూడకుండా చెప్తున్నావు. చూసి చెప్పు" అన్నారు.

అప్పుడు చూశాను. ఆ రాయిలో సగానికి దగ్గర దగ్గర నలుపు. మిగతాదాంట్లో ఎండిన రక్తం రంగు కొంత, వంకాయ రంగు కొంత, ఒకటి రెండు చోట్ల గులాబి, ఒక్క చోట కళ్ళు జిగేల్‌మనే తెలుపు. మనం ఎరుపు అని పిలిచే అసలు ఎరుపు ఉందే, అది చిన్న చిన్న తునకలుగా అక్కడొకటి ఇక్కడొకటి. ఆయన పట్టకారుని వెంట్రుకవాసి తిప్పారు. నల్లగా ఉన్న తునక భగ్గుమంది, మండుతున్నది చప్పున ఆరిపోయింది. "మధ్యలో ఆ నలుపేంటండీ, మచ్చా?" అని అడిగాను. "నీ తలకాయే" అన్నారాయన. తిట్టారేమో అనుకున్నాను. తిట్టలేదు. రాయి మీదికి వంగి చూస్తున్నది నేనే కదా, వెలుగుకి అడ్డం వచ్చిందీ నా తలే. రాయిలో నల్లగా కనిపిస్తున్నది దాని నీడ.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నదంతా ఆ పట్టకారు దగ్గరే ఉంది. రాయికి మామిడిపండుకి ఉన్నట్టు రంగుతొక్క ఉండదు. అది పదుల కొద్దీ చిన్న అద్దాల మూట. ఒక్కో అద్దం గదిలో ఒక్కో మూలని చూపిస్తుంది. ఒకటి కిటికీని, ఒకటి నల్లకోటుని, ఒకటి ట్యూబ్‌లైటుని. ఆ చూపుల మీద ఎర్రటి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది, అంతే. మనం గీయాల్సింది ఆ గదిని. ఎరుపు చిట్టచివర వేస్తాం, అదీ ఒకే ఒక్క క్లిక్కుతో.

కాస్త సైన్సు చెప్తాను, పావుగంట కూడా పట్టదు. ఇది తెలియకపోతే ఏ తునక నలుపో ఏది తెలుపో ఊహించుకోలేరు.

రాయిలోకి దూరిన వెలుగు వంగుతుంది. ఎంత వంగుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. టెన్త్‌లో చదివి మర్చిపోయారుగా, అదే. నీటికి 1.33, మామూలు గాజుకి 1.5, కెంపుకి 1.76 నుంచి 1.77, వజ్రానికి 2.42. ఈ అంకె పెరిగే కొద్దీ లోపలికి పోయిన వెలుగు బయటికి రావడం కష్టం. వజ్రం లోపల నుంచి వెలుగు ఒక పలకకి, అంటే సాన పట్టిన ముఖానికి, తగిలినప్పుడు, నిటారు నుంచి 24 డిగ్రీలకి మించి ఏటవాలుగా తగిలిందంటే బయటికి పోలేదు, అద్దానికి తగిలినట్టు వెనక్కి తిరుగుతుంది. కెంపుకి ఆ హద్దు 34న్నర డిగ్రీలు. గాజుకి దాదాపు 42. అంటే వజ్రంలో వెలుగు సులభంగా చిక్కుకుపోతుంది, గాజులోంచి సులభంగా జారిపోతుంది. సాన పట్టేవాడి విద్యంతా ఇక్కడే. పైనుంచి వచ్చిన వెలుగు అడుగు పలకల మీద రెండుసార్లు తిరిగి మళ్ళీ పైకే, చూసేవాడి కంట్లోకే రావాలి.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. మీ అమ్మగారి రవ్వల దుద్దులు అడగొద్దు, తన్నులు తింటారు. కొట్లో విడిగా దొరికితే, బాగా సాన పట్టిన వజ్రాన్ని న్యూస్‌పేపర్ మీద బోర్లా, పైపలక, అంటే పైన మధ్యలో ఉండే పెద్ద పలక, కాగితానికి ఆనేట్టు పెట్టండి. కింద అక్షరాలు చదవలేరు. అదే ఆకారంలో ఉన్న గాజు ముక్క పెడితే వంకరగా అయినా అక్షరాలు కనిపిస్తాయి. మనం బొమ్మ వేసేటప్పుడు ఈ తేడా చాలా పని చేస్తుంది. రాయి మధ్యలోంచి వెనక ఉన్న గుడ్డ రంగు కనిపించేట్టు వేశారో, చూసేవాడికి కారణం చెప్పడం రాకపోయినా "ఇది గాజు" అని తెలిసిపోతుంది.

ఇంకో మాట. రాయి అదే అయినా కోత మారితే రాయే మారిపోతుంది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరునే తీసుకోండి. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే జనం విరగబడి వచ్చి, చూసి, ఇంతేనా అని పెదవి విరిచారు. మన పాతకాలపు కోత రాయి బరువుని కాపాడే కోత, మెరుపు కోసం పట్టిన సాన కాదు. మరుసటేడు దాన్ని మళ్ళీ కోయించారు. 186 క్యారెట్లని లెక్క చెప్పే రాయి 105.6కి దిగిపోయింది. అంత బరువు పోగొట్టుకున్నది పలకల కోణాల కోసం. ఆ కోణాల లెక్కని మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు 1919లో పద్ధతిగా అచ్చేశాడు. పైభాగం 34న్నర డిగ్రీలు, అడుగుభాగం 40.75 డిగ్రీలు, పైపలక వెడల్పు మొత్తం వెడల్పులో 53 శాతం. ఇవి వజ్రానికి. కెంపుకి కోణాలు వేరు, పైగా కెంపుల్ని ఎక్కువగా కోలగా కోస్తారు. ఈరోజు గుండ్రం ఎందుకు తీసుకున్నానంటే ఎనిమిదో వంతు గీస్తే చాలు, మిగతా ఏడు వంతులు తిప్పుకోవచ్చు. బద్ధకమే కారణం, ఇంకేం లేదు.

సరే, ఇప్పుడు స్క్రీన్ మీదికి రండి.

కాన్వాస్ 2000 పిక్సెళ్ళు ఇటు, 2000 అటు. ప్రెసిషన్, అంటే రంగుల మెట్లు ఎంత సన్నగా ఉండాలో చెప్పేది, 8 బిట్ నుంచి 16 బిట్‌కి మార్చండి. 2018లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి గింప్‌లో ఈ సౌకర్యం ఉంది. మార్చకపోతే ఏమవుతుంది? ముదురెరుపు నుంచి నలుపుకి పోయే చోట మెట్లు మెట్లుగా చారలు వస్తాయి. స్క్రీన్ మీద తెలియదు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద తెలుస్తుంది, అప్పటికి డబ్బులు కట్టేసి ఉంటారు.

నేపథ్యం మధ్యరకం బూడిద రంగు. నలుపు వద్దు. నలుపు మీద ఏదైనా మెరుస్తుంది, మనల్ని మనమే మోసం చేసుకుంటాం.

మధ్య బిందువు నుంచి మూడు గుండ్రాలు గుర్తుగా వేసుకోండి. 500, 680, 900 పిక్సెళ్ళ వ్యాసార్థాలు. బయటిది రాయి నడుము. లోపలి దాని మీద 45 డిగ్రీలకొకటి చొప్పున ఎనిమిది చుక్కలు పెట్టి గీతలు కలపండి, అది పైపలక, ఎనిమిది మూలలది. మధ్య గుండ్రం మీద కూడా ఎనిమిది చుక్కలే, కానీ ఇరవై రెండున్నర డిగ్రీలు పక్కకి జరిపి. ఇప్పుడు పైపలక ఒక్కో అంచు మీద కూర్చునే త్రికోణం, కొన మధ్య గుండ్రం చుక్క దగ్గర. ఇవి ఎనిమిది. పైపలక మూల నుంచి నడుము దాకా సాగే గాలిపటం ఆకారాలు, అవి ఎనిమిది. నడుము వెంబడి మిగిలిపోయే సన్నటి త్రికోణాలు, పదహారు. పైపలకతో కలిపి మొత్తం ముప్పై మూడు. అడుగున ఇంకో ఇరవై నాలుగు ఉంటాయి, కొన కూడా చెక్కితే ఇరవై అయిదు. అందుకే గుండ్రటి కోతకి 57 అని కొందరు, 58 అని కొందరు చెప్తారు. ఇద్దరిదీ నిజమే.

ఈ గీతలన్నీ పాత్ టూల్‌తో ఒక ప్రత్యేకమైన లేయర్ మీద, అంటే బొమ్మ మీద పరిచే విడి పొర మీద, ఒక పిక్సెల్ మందంతో. ఎనిమిదో వంతు గీసి, లేయర్ డూప్లికేట్ చేసి, 45 తిప్పి, మళ్ళీ డూప్లికేట్, మళ్ళీ తిప్పడం. తిప్పేటప్పుడు కేంద్రం 1000, 1000 దగ్గరే ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఏడో ముక్క దగ్గర అంచులు కలవవు. అప్పుడు మొదటి నుంచి రావాలి. నాకు తెలుసు.

తర్వాత పైపలకలోంచి కనిపించే అడుగు పలకలు. దీన్ని చాలామంది వదిలేస్తారు, బొమ్మ ఇక్కడే చస్తుంది. పైపలక అంటే ఖాళీ అద్దం కాదు, దాంట్లోంచి చూస్తే లోపలంతా ఉంటుంది. మధ్య నుంచి ఎనిమిది బాణాలు బయటికి పోతాయి, వాటి మధ్య సన్నటి జంట త్రికోణాలు. అంతటితో అయిపోదు. ఆ అడుగు పలకలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి కదా. మంగలి షాపులో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చుంటే మీరు వరసగా పదిమంది కనిపిస్తారే, అట్లా. కాబట్టి లోపలి వలని డూప్లికేట్ చేసి, 60 శాతానికి తగ్గించి, ఇరవై రెండున్నర తిప్పి, మొదటి దాని మీద పెట్టండి. రెండు వలలు అడ్డదిడ్డంగా కోసుకుని చిన్న చిన్న వంకర తునకలు బోలెడు పుడతాయి. సరిగ్గా ఆ గందరగోళమే కావాలి మనకి. మధ్యకి పోయే కొద్దీ తునకలు చిన్నవవ్వాలి.

ఇప్పుడు అసలు పని. దీనికి బ్రష్ అక్కర్లేదు, ఫొటో కావాలి. రాయి ఫొటో కాదు, గది ఫొటో. నేను వాడుతున్నది మా ఇంటి హాలు. ఒక పక్క కిటికీ, పైన ఫ్యాను, మూల టీవీ, దండెం మీద లుంగీ కూడా ఉంది చూడండి. దాన్ని లేయర్‌గా తెరిచి డీశాచురేట్ చేశాను, నలుపు తెలుపు అయింది. కర్వ్స్‌లో ఎస్ ఆకారంగా లాగాను, నడిమి బూడిద అంతా పోయి నలుపులు నల్లబడ్డాయి, తెలుపులు తెల్లబడ్డాయి.

గీతల లేయర్ మీద ఫజ్జీ సెలెక్ట్ టూల్‌తో ఒక పలక లోపల క్లిక్ చేయండి. పలక సెలెక్ట్ అయింది. దాన్ని ఒక పిక్సెల్ పెంచండి, లేకపోతే పలకల మధ్య సన్నటి చీలికలు మిగిలిపోతాయి. సెలెక్షన్ అట్లాగే ఉంచి ఫొటో లేయర్ మీదికి వచ్చి కాపీ, కొత్త లేయర్‌గా పేస్ట్. ఆ పలకలోకి కిటికీ ఊచలో, ఫ్యాను రెక్కో, ఏదో ఒక ముక్క వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఫొటోని ఎంతో కొంత తిప్పి, తలకిందులు చేసి, పక్క పలకకి ఇంకో ముక్క. నియమం ఒక్కటే: పక్కపక్కన ఉన్న రెండు పలకలు ఒకే ముదురులో ఉండకూడదు. చీకటి పక్కన వెలుగు, వెలుగు పక్కన చీకటి. అంచు దగ్గర మెత్తదనం ఉండకూడదు, ఫెదర్ ఆపేయండి. పిప్పరమెంటుకీ రాయికీ తేడా ఈ అంచులోనే ఉంది. పిప్పరమెంటు మీద వెలుగు మెల్లగా మసకబారుతుంది, రాయిలో కత్తితో కోసినట్టు ఆగిపోతుంది.

నూరు దాకా తునకలుంటాయి. నాకు రెండు గంటలు పట్టింది. మొదటిసారి చేసేవాళ్ళకి ఇంకా పడుతుంది, మధ్యలో విసుగొస్తుంది కూడా. ఆ ఎనిమిదో వంతు గీసి తిప్పినట్టు తునకల్ని కూడా తిప్పేద్దామా అనిపిస్తుంది. చేయొద్దు. గీతలు తిప్పొచ్చు, వెలుగుని తిప్పకూడదు. గది ఎనిమిది పక్కలా ఒకేలా ఉండదు కదా. తిప్పేస్తే రాయి రాదు, ముగ్గు వస్తుంది. అందమైన ముగ్గే అనుకోండి.

అన్నీ అయ్యాక కళ్ళు సగం మూసి చూడండి. నా కొలత: మొత్తం మీద ఒక అయిదింట రెండు వంతులు చీకటి, రెండు వంతులు నడిమి రంగు, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం లేత, చిటికెడు మాత్రం అచ్చ తెలుపు. మధ్యలో బాణాలు రెండో మూడో పూర్తి నలుపుగా ఉండాలి. అవే ఆచారిగారు చెప్పిన "నీ తలకాయ". అవి లేకపోతే ఆ రాయిని ఎవరూ చూడనట్టే ఉంటుంది.

ఇంతసేపూ ఎరుపు చుక్క కూడా లేదు, గమనించారా? ఇప్పుడు ఆ ఒక్క క్లిక్కు. తునకల లేయర్లన్నీ మెర్జ్ చేశాను. గ్రేడియంట్ ఎడిటర్‌లో అయిదు రంగులు పెట్టాను. అట్టడుగున నలుపుకి కాస్త వంకాయ కలిసింది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో 20, 0, 10. తర్వాత 95, 0, 25. నడుమ 190, 10, 40. ఆపైన 255, 90, 95. చివర తెలుపుకి దగ్గరగా 255, 235, 230. కలర్స్ మెనూలో మ్యాప్, అందులో గ్రేడియంట్ మ్యాప్...

(సభలో చప్పట్లు)

వచ్చింది కదా! నాకిప్పటికీ ఈ క్షణం ఇష్టం.

చీకట్లు వంకాయ వైపు, వెలుగులు కాస్త నారింజ వైపు ఎందుకు పెట్టానంటే, కెంపుది అదే స్వభావం. ఒక దిశలో చూస్తే ఊదా కలిసిన ఎరుపు, ఇంకో దిశలో నారింజ కలిసిన ఎరుపు. ఆ రంగు ఇచ్చేది క్రోమియం. ఎండలో అదే క్రోమియం కెంపుని లోపల నుంచి కూడా ఎర్రగా వెలిగిస్తుంది, నిప్పుకణికలాగా. అందుకని నడిమి ఎరుపుని మాత్రం కొంచెం గట్టిగానే పెట్టండి, మురికి చేయొద్దు.

ఇదే ఫైలుకి గ్రేడియంట్ మారిస్తే నీలం అవుతుంది. నీలం, కెంపు ఖనిజం ఒక్కటే కాబట్టి అక్కచెల్లెళ్ళలాగా సరిపోతుంది. పచ్చ చేద్దామనుకుంటారు, ఆకుపచ్చ గ్రేడియంట్ వేస్తారు. రంగొస్తుంది గానీ పచ్చ రాదు. పచ్చని ఎక్కువగా మెట్లమెట్లుగా పొడవు పలకలతో కోస్తారు, పైగా లోపల పగుళ్ళు, నాచులాంటి మచ్చలు లేని పచ్చ దొరకడం అరుదు. ముత్యం, పగడం గురించి అడగొద్దు, వాటికి పలకలే లేవు. నవరత్నాలూ ఒక్క ఫైలుతో అవుతాయనుకున్నవాళ్ళకి ఆశాభంగం.

వజ్రం అడుగుతారని తెలుసు. వజ్రానికి రంగు వేయక్కర్లేదు, ఇంద్రధనుస్సు చిలకరింత కావాలి. వెలుగుని రంగులుగా విడగొట్టే గుణం వజ్రానికి 0.044, కెంపుకి 0.018. రెండింతలకి పైన తేడా. ఇమేజ్‌ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళుగా డీకంపోజ్ చేసి, ఎరుపుని రెండు పిక్సెళ్ళు ఇటు, నీలాన్ని రెండు అటు జరిపి మళ్ళీ కలిపితే, చీకటి వెలుగు కలిసే అంచుల్లో రంగులు పూస్తాయి. వజ్రానికి చేయండి. కెంపుకి చేయొద్దు, ఆ మెరుపు దాని సొంతం కాదు.

ఇక పై మెరుపు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, కాస్త వినండి. రాయి లోపలికి పోయి తిరిగొచ్చిన వెలుగు ఎర్రగా ఉంటుంది. రాయి పైనే తగిలి వెనక్కి వచ్చిన వెలుగు లోపలికి పోలేదు కాబట్టి దానికి ఎరుపు అంటదు, తెల్లగానే ఉంటుంది. వచ్చిన వెలుగులో అట్లా పైనుంచే తిరిగిపోయేది గాజుకి నాలుగు శాతం, కెంపుకి ఎనిమిదికి దగ్గర, వజ్రానికి పదిహేడు. అందుకని ఒక కొత్త లేయర్ మీద, కింది రంగుని వెలిగించే స్క్రీన్ మోడ్‌లో, కిటికీ ఆకారం ఒకటి పైపలక మీద అడ్డంగా, ఒపాసిటీ, అంటే పొర చిక్కదనం, ఎనిమిది పది శాతమే. పలక అంచు దగ్గర అది ఠక్కున ఆగిపోవాలి, పక్క త్రికోణంలోకి పాకకూడదు, ఎందుకంటే పక్క త్రికోణం వేరే వైపు చూస్తోంది. ఇంత పలచటి పొర దేనికి అనిపిస్తుంది. ఆ లేయర్ పక్కనుండే కన్ను గుర్తు ఆపి, మళ్ళీ పెట్టి చూడండి. ఇప్పుడు లేదు... ఇప్పుడు ఉంది. లేనప్పుడు అది రంగు కాగితాల కోల్లాజ్. ఉన్నప్పుడు దానికి పైముఖం వచ్చింది, వేలితో ముట్టుకోవచ్చు.

నక్షత్రం మెరుపులు... గింప్‌లో స్పార్కిల్ అని ఫిల్టర్ ఉంది. ఉందని మర్చిపోండి. ఆ కొమ్ములు రాయివి కావు, కెమెరావి. లెన్సు లోపల వెలుగుని ఆపే రెక్కలు సరిసంఖ్యలో ఉంటే అన్నే కొమ్ములు, బేసిసంఖ్యలో ఉంటే రెట్టింపు కొమ్ములు వస్తాయి. తొమ్మిది రెక్కలకి పద్దెనిమిది. మీరు ఫొటోలా కనిపించాలనుకుంటే ఒకే ఒక్కటి, బాగా తెల్లగా ఉన్న తునక మీద, చిన్నది. నాలుగు పెడితే పెళ్ళి శుభలేఖ అవుతుంది. నేనైతే అది కూడా పెట్టను. తెల్ల తునకని డూప్లికేట్ చేసి, గాసియన్ బ్లర్ ఇరవై పిక్సెళ్ళు ఇచ్చి మసకబార్చి, వెలుగుకి వెలుగు కలిపే అడిషన్ మోడ్‌లో పెడతాను. కంటికి జిగేల్‌మనడానికి అది చాలు.

మచ్చలు. అసలైన కెంపులో సన్నటి సూదుల్లాంటివి ఉంటాయి, పట్టుదారాల్లా. ఒక మూల నాలుగైదు వేయండి, తిన్నగా, ఒకదానికొకటి అరవై డిగ్రీల కోణంలో, పది శాతం ఒపాసిటీతో. గీసేటప్పుడు చెయ్యి వంకర పోకుండా చూసుకోండి. ఎందుకంటే 1902లో వెర్న్యూయ్ అనే ఫ్రెంచాయన మంటలో పొడి కరిగించి కృత్రిమ కెంపు చేసే పద్ధతి బయటపెట్టాడు. ఆ కెంపులో పెరిగిన గుర్తులు వంపు తిరిగి ఉంటాయి, పాత గ్రామఫోన్ రికార్డు మీద గాడుల్లా. రాళ్ళ పరీక్ష తెలిసినవాడు మీ బొమ్మలో వంపుగీతలు చూశాడంటే "ఇది కృత్రిమం" అనేస్తాడు, బొమ్మ అని మర్చిపోయి. ఒకసారి అన్నారు కూడా, నాకది పొగడ్తో తెగడ్తో ఇప్పటికీ అర్థం కాలేదు.

నీడతో అయిపోతుంది. రాయి కింద నల్లటి నీడ ఒక్కటే పెడితే రాయి గులకరాయి అయిపోతుంది. కెంపు వెలుగుని వడగడుతుంది కదా, వెలుగు వచ్చే వైపుకి ఎదురుగా, నీడ లోపల ఎర్రటి వెలుగు మరక పడుతుంది. గాజు గ్లాసులో రూహ్ అఫ్జా ఎర్ర షర్బత్ పోసి ఎండలో పెట్టండి, టేబుల్ మీద చూడండి. అదే ఇదీ. ఇంకోటి, విడి రాయి ఎప్పుడూ కొన మీద నిలబడదు. బోర్లా పడుకుంటుంది, లేదా పక్కకి ఒరుగుతుంది. మనం గీసింది నిటారుగా పైనుంచి. కాబట్టి నాలుగు బంగారు కొక్కేలు గీసి ఉంగరంలో పొదగండి, లేదా పెర్‌స్పెక్టివ్ టూల్‌తో కాస్త ఒరిగించండి. గాల్లో వదిలేయొద్దు.

ప్రశ్న అడిగావు కదమ్మా ఇందాక, ఇదంతా ఏఐ చేసేస్తోంది కదా అని. చేస్తుంది. నేనూ అడిగి చూశాను. మెరుపు ఇస్తోంది. గాలిపటాలు లెక్కపెట్టండి అంటాను నేను. నాకు వచ్చినవాటిలో ఒక పక్క ఏడు, ఒక పక్క పదకొండు. మామూలువాళ్ళు పట్టుకోరు. నగలు కొనడానికి వచ్చే పెద్దావిడ పట్టుకుంటుంది, ఆవిడ యాభై ఏళ్ళుగా రాళ్ళు చూస్తోంది.

ఒక తప్పు చెప్తాను, ఇది నాదే. ఒక కొట్టు వాళ్ళ క్యాటలాగ్‌లో ఫొటో సరిగ్గా రాని కెంపుల స్థానంలో నేను గీసిన కెంపులు పెట్టాను. వాళ్ళే అడిగారు, నేనే చేశాను. ఒకావిడ ఆ పేజీ పట్టుకుని కొట్టుకి వచ్చి, "ఇందులో ఉన్న రాయి చూపించండి" అంది. ఎక్కడి నుంచి తెస్తారు, అది మా హాల్లో కిటికీ. అప్పటి నుంచి అమ్మే వస్తువు పేజీలో నా రాయి పెట్టను. ఫ్లెక్సీలకి, శుభాకాంక్షలకి, కథల బొమ్మలకి మాత్రం ఎన్నయినా చేస్తాను.

ఇక మిగిలిందొకటి, ఆ పిప్పరమెంటు బొమ్మ. చాలా ఏళ్ళ తర్వాత మా మేనకోడలు కూచిపూడి అరంగేట్రానికి కెంపుల సెట్టు కొన్నారు. జడబిళ్ళ చేతిలోకి తీసుకుని చూశాను. ఆ రాళ్ళకి పలకలుండవు, పైన నున్నగా ఉబ్బి, వెనక మెరుపురేకు వేసి పొదుగుతారు. వెలుగు రేకు మీద పడి తిరిగొస్తుంది కాబట్టి అంతా ఒకే ఎరుపు, పైన ఒక్క తెల్లమచ్చ. అచ్చం నేను ఆ రోజు వేసినట్టే! నేను వేసింది తప్పు బొమ్మ కాదు, తప్పు కొట్టుకి ఇచ్చిన బొమ్మ. మీలో ఎవరైనా డాన్సు ప్రోగ్రాం పోస్టర్ చేయాల్సి వస్తే ఇవాళ నేను చెప్పిందంతా పక్కన పెట్టి ఆ రేడియల్ గ్రేడియంట్ నిక్షేపంగా వాడుకోండి.

సరే, సిస్టమ్స్ ఆన్ చేయండి. గింప్ ఆ తర్వాత తెరుద్దురుగాని. ముందు ఫోన్లు తీసి ఈ గదిని ఫొటో తీయండి. కిటికీ, ఫ్యాను, ఇందాక ఆపొద్దన్న ట్యూబ్‌లైటు, మూడూ పడాలి. మీ పక్కవాళ్ళ తలకాయ అడ్డొచ్చిందా? రానివ్వండి.